తాటిచెట్టెక్కే తుపాకి కోసం

తుపాకి కొనడానికి పోయేవాళ్ళు రిటైరైన తెలుగు టీచరును తోడు తీసుకుపోతారని నేనెక్కడా వినలేదు. మా తమ్ముడు తీసుకుపోయాడు. హుస్నాబాదులో బయలుదేరి కరీంనగర్, పెద్దపల్లి, ఉట్నూరు దాకా పోయి నాలుగు రోజుల్లో తిరిగొచ్చాం. వచ్చి నెల దాటింది. బజారులో ఎదురైన ప్రతివాళ్ళూ "ఏం టీచరమ్మా, తుపాకి తెచ్చిండ్రా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పలేక నా నోరు నొప్పి పుడుతోంది. అందుకే ఒక్కసారే రాసేస్తున్నాను, చదువుకోండి.

ముందు మా నర్సయ్య సంగతి చెప్పాలి. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, చంకనేసుకుని నేనే పెంచాను. మాది కల్లుగీత ఇల్లు. తాత గీశాడు, బాపు గీశాడు, ఇప్పుడు వీడు గీస్తున్నాడు. మా ఊరు హుస్నాబాదుకు దగ్గరే, ఊరి వెనక గుట్ట కింద మా తాటివనం. మనిషి ఆరడుగులు, చెయ్యి వేస్తే చెట్టు ఊగాలి. నోరు మాత్రం లేదు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఆ రోజు పండగే.

మాఘమాసంలో ఒకరోజు తెల్లవారకముందే చెట్టెక్కి కల్లు లొట్టి దించబోతూ కిందికి చూస్తే, చెట్టు మొదట్లో ఎలుగుబంటి కూర్చుని ఉంది. అది దారిన పోతూ ఆగింది కాదు, తీరిగ్గా కాళ్ళు చాపుకుని కూర్చుంది. వీడు నడుముకున్న మోకుకు, అదే చెట్టెక్కే తాడుకు, ఆనుకుని బాగా పొద్దెక్కేదాకా పైనే ఉండిపోయాడు. "మరి అరవలేదేమిరా?" అని అడిగితే "ఏమని అరవాలె అక్కా?" అన్నాడు.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అదే చెట్టు కింద కనిపించింది. మా మరదలు సుజాత ఇక ఊరుకోలేదు. హుస్నాబాదుకు వచ్చి నా ముందు కూర్చుంది.

"వదినె, ఈయనకు తుపాకన్న ఇప్పియ్యిండ్రి. లేకుంటె మా తమ్ముడు దుబాయిల వాచ్‌మన్ పని చూసి పెట్టిండు, గటన్న పంపుత. ఉగాది దాకనే చూస్త. రోజు పొద్దుగాల దర్వాజ కాడ కూసొని మనిషొస్తడా రాడా అని గుండెలు పట్టుకునుడు నాతోని కాదు."

ఆమె మాటలో తప్పేమీ లేదు. కానీ నలభై ఆరేళ్ళ నర్సయ్య, తాటిచెట్టు తప్ప లోకం తెలియని నర్సయ్య, ఎక్కడో ఒక గేటు ముందు టోపీ పెట్టుకుని నిలబడడం ఊహించుకుంటే ఆ పూట నాకు అన్నం దిగలేదు. ఉన్న ఒక్క తమ్ముడు. ఉగాదికి ఇరవై రోజులుంది.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే ఒప్పుకుంటాను. నేను కల్లు ముట్టను. టీచరు ఉద్యోగం వచ్చిన రోజు బాపు తాటాకు రేకలో కల్లు పట్టుకొచ్చి "ఒక్క గుక్క తాగు బిడ్డా" అన్నాడు. "బడికి పోయేదాన్ని, వాసనొస్తది" అన్నాను. ఆయన నవ్వి ఆ రేక తానే తాగేశాడు. మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

కరీంనగర్‌లో ఢాం

పెద్దపల్లిలో మా మేనమామ కొడుకు రాజమల్లు బావ ఉన్నాడు. మిలిటరీలో చేసి వచ్చి, సొంత తుపాకితో బ్యాంకు కాపలా కాస్తున్నాడు. ఆయనకిద్దామని నర్సయ్య రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా నిండా పొద్దుటి కల్లు నింపుకొచ్చాడు. "మూత వదులుగా పెట్టరా" అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. బస్సులో కారిపోతుందని పళ్ళు బిగపట్టి మరీ తిప్పాడు.

కరీంనగర్‌లో తుపాకుల దుకాణం బట్టల దుకాణానికీ గడియారాల దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉంది. యజమాని ఖాదర్ సాబ్ డెబ్బై దాటిన మనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతుంటుంది. మమ్మల్ని చూసి బట్టల దుకాణానికి పోబోయి ఇటు వచ్చామనుకున్నాడు. విషయం చెప్పగానే చాయ్ తెప్పించాడు. పది రూపాయల చాయ్‌కి అంత చిన్న గ్లాసు మా హుస్నాబాదులో ఇస్తే కొట్లాట అవుతుంది. రుచి మాత్రం బాగుంది, రెండోది అడిగి తాగాను.

"ఏం పని బేటా నీది?" అని ఆయన నర్సయ్యను అడిగాడు.

"గీత."

మిగతాదంతా నేను చెప్పుకొచ్చాను. సాబ్ దర్జీలా మా వాడి చెయ్యి పొడవు, భుజం వెడల్పు కళ్ళతోనే కొలిచి, మూడు తుపాకులు తీసి అద్దం బల్ల మీద పరిచాడు.

"గిది ఎయిర్‌గన్. పావురాలు, డబ్బాలు కొట్టుకునే పిల్లల ఖేల్. గుడ్డెలుగుకు తగిలితె దోమ కుట్టినట్టు. దోమ కుట్టినోణ్ణి ఎవరన్న ఊకె ఇడుస్తరా టీచరమ్మా?"

దాన్ని పక్కకు పెట్టాడు. రెండోది ఒంటి గొట్టం తుపాకి. ఒక్కటే తూటా. "తగలకపోతే?" అని నేను అడిగితే "ఇగ దువా చేసుకోవాలె" అన్నాడు. మూడోది జంట గొట్టాలది, పన్నెండు బోరు. నున్నటి కట్టె, నల్లటి ఇనుము, చూడడానికి ఎంత అందంగా ఉందంటే ఒక్క నిమిషం నేనే కొనుక్కుందామనుకున్నాను. ధర వినగానే ఆ ఆశ చచ్చింది. రెండు పాడిబర్రెలు వస్తాయి ఆ డబ్బుతో.

"కొనుడొక్కటే కాదు," అన్నాడు సాబ్. "లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలె. పోలీసోళ్ళ ఎంక్వైరీ ఉంటది. నెలలు పడుతది. మల్ల గుడ్డెలుగు సర్కార్ కాపాడే జానవర్. నిజంగ పానం మీదికొస్తె తప్ప తుపాకి ఎత్తొద్దు. ఎత్తి సరిగ్గ తగలకపోతె, దెబ్బ తిన్న గుడ్డెలుగు మామూలు గుడ్డెలుగు కాదు."

నెలలంటే ఉగాది దాటిపోతుంది. దరఖాస్తు రసీదు చూపిస్తే సుజాత ఒక మెట్టు దిగుతుందేమో అని లోపల లెక్కలు వేసుకుంటున్నాను. అప్పుడు సాబ్ జంట గొట్టాలదాన్ని నర్సయ్య చేతుల్లో పెట్టి అడిగాడు.

"చెట్టెక్కినప్పుడు దీన్ని యాడ పెడ్తవ్ బేటా?"

నర్సయ్య తుపాకిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చెట్టు మొదట్ల."

"గుడ్డెలుగు యాడ కూసున్నది?"

"చెట్టు మొదట్ల."

సాబ్ కళ్ళజోడు తీశాడు. "అంటె నువ్వు మీద ఉంటవ్. తుపాకి దాని పక్కన ఉంటది."

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. సరిగ్గా అప్పుడు దుకాణం మధ్యలో ఢాం అని పేలింది. నేను బల్ల కిందికి దూరాను. సాబ్ గోడకు అంటుకుపోయాడు. గడియారాల దుకాణమతను "యా అల్లా" అంటూ బయటికి ఉరికాడు. నర్సయ్య ఒక్కడే నిలబడి, తుపాకిని రెండు చేతులా బల్ల మీద పెట్టి, "అక్కా, మూత" అన్నాడు.

సంచిలో కల్లు పొంగి సీసా మూత ఎగిరిపోయింది. అద్దం బల్లంతా నురగ, దుకాణమంతా పుల్లటి వాసన. నమాజు చేసుకునే పెద్దమనిషి దుకాణంలో కల్లు చిమ్మామే అని నేను సిగ్గుతో సగం చచ్చి, నా శాలువా తీసి తుడవబోయాను. ఆయన కుర్చీలో కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు. "ఉండనియ్యండి అమ్మా, పిలగాడు తుడుస్తడు. నలభై ఏండ్ల సంది తుపాకులు అమ్ముతున్న. నా దుకాణంల పేలింది ఇదొక్కటే."

మా ప్రయాణం మొత్తంలో మేము విన్న తుపాకి చప్పుడు కూడా అదొక్కటే.

పెద్దపల్లి దారిలో

బస్సెక్కాక నర్సయ్య కిటికీ బయటికి చూస్తూ నిట్టూర్చాడు. మళ్ళ నిండా వరి పచ్చగా ఉంది. సీసా పోయిందని బాధేమో అనుకున్నాను.

"బాపు ముంత ఈ నాలుగొద్దులు ఎవలు పెడుతరో," అన్నాడు.

ఏం ముంతరా అని అడిగితే అప్పుడు బయటపడింది. బాపు పోయి మూడేళ్ళయింది. ఆయన ఇష్టంగా గీసిన చెట్టొకటుంది. ఆ చెట్టు కల్లు నర్సయ్య అమ్మడట. రోజూ సాయంత్రం ఒక ముంతలో పోసి, ఆ చెట్టు మొదట్లో కాటమయ్య రాయి పక్కన పెట్టి వస్తాడట. కాటమయ్య మా గీతగాళ్ళ దేవుడు.

"తెల్లారి పోయేవరకు ఒక్క సుక్క మిగలదక్కా," అన్నాడు, ముఖం వెలిగిపోతుండగా. "బాపు ఎన్నడు మిగిలియ్యలే కద."

వాడు ఒక్కసారే అంత మాట్లాడడం నేను ఏళ్ళ తర్వాత విన్నాను. ఏ కుక్కలో తాగుతుంటాయని నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు తప్పులు దిద్దిన నాలుక దురద పెట్టింది. ఆ ముఖం చూసి నోరు మూసుకున్నాను.

రాజమల్లు బావ రోకలి

పెద్దపల్లిలో బావ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. నడుం ఇప్పటికీ మిలిటరీ లెక్కన నిటారుగా ఉంది. "తుపాకేది బావా, చూపించు" అన్నాను కాళ్ళు కూడా కడుక్కోకుండా.

"స్టేషన్ల ఉన్నది."

"ఏమైంది?"

"ఏమైతది? ఎలక్షన్లు. ఎలక్షనొచ్చిందంటె లైసెన్సు తుపాకులన్ని పోలీస్ స్టేషన్ల అప్పజెప్పాలె. ఊరి ఎలక్షను, మండలం ఎలక్షను, పెద్ద ఎలక్షను. నా తుపాకి నాకంటె ఎక్కువ ఆళ్ళ తాననే ఉంటది. మరి మీ గుడ్డెలుగుకు ఎలక్షన్ కోడ్ తెలుసునా మరదలా?"

తుపాకి లేకపోయినా ఉత్సాహం తగ్గే మనిషి కాదు. గొడుగు పట్టుకుని వాకిట్లో మోకాలి మీద కూర్చుని, తూటా ఎలా వేయాలి, భుజానికి ఎలా ఆనించాలి, గొడుగు మడిచి విప్పి చూపించాడు. ఎదురింటి ముసలమ్మ వాన రాకముందే గొడుగెందుకని అడిగింది. ఖాదర్ సాబ్ ప్రశ్న చెప్పగానే బావకు పట్టుదల వచ్చేసింది.

"మొదట్ల ఎందుకు పెట్టాలె? వీపుకు కట్టుకోవాలె. ఫౌజుల మేము కట్టుకొని గుట్టలెక్కలేదా?"

లోపలికి పోయి రోకలి పట్టుకొచ్చాడు. తుపాకి బరువు కూడా ఇంతేనని, దాన్ని నైలాన్ తాడుతో నర్సయ్య వీపుకు కట్టాడు. పెరట్లో కొబ్బరిచెట్టుంది. మోకు లేకుండా మా వాడు ఊరు దాటడు, సంచిలోనే ఉంది. ఎక్కడం మొదలుపెట్టాడు. కింద బావ "శాబాష్, శాబాష్" అంటున్నాడు. ఎదురింటి ముసలమ్మ కుర్చీ తెచ్చుకుంది. సగం చెట్టెక్కేసరికి రోకలి పక్కకు తిరిగి మోకులో ఇరుక్కుంది. పైకి పోలేడు, కిందికి రాలేడు. "గుడ్డెలుగొచ్చింది, ఏం చేస్తవ్?" అని బావ అరిచాడు. నర్సయ్య ఒక చేత్తో చెట్టు పట్టుకుని రెండో చేత్తో రోకలి లాగబోయాడు. తాడు తెగింది. రోకలి సూటిగా వచ్చి చెట్టు కింది నీళ్ళ బకెట్లో పడి బకెట్టును రెండు ముక్కలు చేసింది.

బావ భార్య కమలక్క వంటింట్లోంచి బయటికొచ్చింది. పగిలిన బకెట్టును, చెట్టు మీది నర్సయ్యను, పక్కన భర్తను వరసగా చూసింది. "రోకలి కాబట్టి బకెట్ పోయింది. తుపాకైతె ఎవలు పోతుండె?" అంది. నర్సయ్య మెల్లగా దిగొచ్చాడు.

ఆ సాయంత్రం ఆమె సర్వపిండి కాల్చి పెట్టింది. మా వైపు నువ్వులు ఎక్కువ వేస్తాం, వాళ్ళు సొరకాయ కోరు కలుపుతారు. మెత్తగా, అంచులు కరకరలాడుతూ ఉంది. నర్సయ్య అయిదు తిన్నాడు. కొత్త బకెట్టుకు నూటయాభై నేనే ఇచ్చాను, బావ వద్దన్నాడు, అక్క తీసుకుంది.

"అడివిల బతికేటోళ్ళు ఏం పట్టుకుంటరో అడుగరాదు?" అన్నాడు బావ తింటూ. "వాళ్ళ తాన ఎనుకట నాటు తుపాకులుండె." అప్పుడు నాకు సోంబాయి గుర్తొచ్చింది.

ఉట్నూరు, జీపు, ఒక చెప్పు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడేళ్ళు ఉట్నూరు దగ్గర ఆశ్రమ పాఠశాలలో పనిచేశాను. సోంబాయి అప్పుడు నా నాలుగో తరగతి పిల్ల, గోండుల అమ్మాయి. ఇప్పపూలు రాలే నెలంతా బడి ఎగ్గొట్టేది. ఇప్పుడు మనవలున్నారు. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది, ఇంకా నన్ను "బాయి" అనే పిలుస్తుంది. ఆ వైపు మరాఠీ గాలికి టీచరమ్మను బాయి అంటారు.

దారి పొడుగునా మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. ఉట్నూరు నుంచి వాళ్ళ గూడేనికి జీపు. మనిషికి నలభై, కోడికి టికెట్ లేదు. పదిమంది పట్టే జీపులో పదహారుమందిమి, నాలుగు కోళ్ళు. నర్సయ్య వెనక వేలాడాడు, వాడికి అది అలవాటైన కొలువే. ఒక కుదుపుకు నా ఎడమ చెప్పు జారి రోడ్డు మీద పడిపోయింది. ఆపమంటే డ్రైవరు "రేపు వచ్చేటప్పుడు ఏరుకుందాం తియ్ బాయి, ఒక్క చెప్పు ఎవడెత్కపోతడు?" అన్నాడు. మర్నాడు నిజంగానే అక్కడే ఉంది.

సోంబాయి "రాం రాం బాయి" అంటూ ఎదురొచ్చి నా చేతులు పట్టుకుని వదల్లేదు. జొన్నరొట్టె, కందిపప్పు పెట్టింది. ఇప్పపువ్వు లడ్డూలు పెట్టింది. మా ఇళ్ళలో ఇప్పపువ్వంటే సారా గుర్తొస్తుంది, అక్కడ పిల్లలకు బలానికి పెడతారు. బెల్లం పాకంలా ఉన్నాయి. రెండు తిని నాలుగు కొంగున కట్టుకున్నాను.

వచ్చిన పని చెప్పాను. "మీ దగ్గర ఏం తుపాకి ఉంటది సోంబాయి?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "తుపాకా? ఇప్పపూలు ఏరనీకి తుపాకెందుకు బాయి? ముందు అస్వల్ వస్తది." అస్వల్ అంటే మరాఠీలో ఎలుగు. "చీకటుండంగ అది తింటది. పొద్దెక్కినంక మేం పోతం. పోయేటప్పుడు నలుగురం కలిసి, గట్టిగ ముచ్చట పెట్టుకుంట పోతం. గది తలకాయ కిందికేసి తినేటప్పుడు దానికేం సోయి ఉండదు. సప్పుడు లేకుంట దగ్గరికి పోయినోణ్ణే బెదిరి పట్టుకుంటది. దూరంకెల్లి ఇనవడితె దాని తొవ్వ అది పోతది."

నర్సయ్య వింటున్నాడు. పిల్లిలా నడిచే మనిషి, జీవితంలో ఎవరినీ గట్టిగా పిలవని మనిషి.

"దాదా, మీ చెట్ల కింద ఇప్ప ఉన్నదా?" అని ఆమె వాణ్ణి అడిగింది.

"లేదు."

"చెదపుట్టలు? తేనెపట్టు? రేగుచెట్లు?"

"లేవు."

"మరి గదే చెట్టు కిందికి ఎందుకొస్తది? ఏమున్నది ఆడ?"

"ఏం లేదు," అన్నాడు నర్సయ్య. "కాటమయ్య రాయి. బాపు ముంత."

సోంబాయి చేతిలో రొట్టె ఆగింది.

"ముంతల ఏముంటది దాదా?"

అంతే. వాడు నోరు తెరిచాడు, మూశాడు. సోంబాయి ముందు నవ్వు ఆపుకోవాలనే చూసింది. తర్వాత ఆమె వల్ల కాలేదు, నా వల్లా కాలేదు. మూడేళ్ళుగా రోజూ సాయంత్రం మా వాడు ఒక ముంత తియ్యటి పోతుతాటి కల్లు, దేవుడి పక్కన పెట్టి మరీ, ఎలుగుబంటిని దావతుకు పిలుస్తున్నాడు. ఒకరోజు పెందలాడే పోయి అడ్డం పడ్డాడు, అంతే. అది వీడి కోసం రాలేదు, మిగిలిందేమైనా ఉందా అని కూర్చుంది. నేను పొట్ట పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని చూస్తే నర్సయ్య నవ్వడం లేదు.

"అయితే బాపు తాగలేదా అక్కా?" అన్నాడు. "ఇన్నొద్దులు?"

నా నవ్వంతా ఎటు పోయిందో తెలియదు.

సోంబాయే లేచి వచ్చి వాడి ముందు కూర్చుంది. "దాదా, మా ఇంట్ల ఏడాదికి మొదటి ఇప్పపూలు పెద్దలకు పెడుతం. పొద్దుందంగనే పెడుతం. కొంచెంసేపు అందరం సప్పుడు చెయ్యకుండ కూసుంటం. మల్ల అవ్వి మేమే తింటం. అక్కడ ఇడిసిపెట్టి రాము. వాళ్ళు తినాలంటె నోరేది? మన నోరే కద."

నర్సయ్య తన రొట్టె మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

పదమూడో ఎక్కం

మర్నాడు పొద్దెక్కాక సోంబాయి, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు పూలు ఏరడానికి పోతుంటే మేమూ పోయాం. అడవి అంచున ఆగి ఆమె నర్సయ్య వైపు తిరిగింది.

"ఇగ నువ్వు ముందుగాల నడువు. సప్పుడు చేసుకుంట. పాట పాడు."

"రాదు."

"పోనీ ఎవలనన్న తిట్టు."

"రాదు," అన్నాడు, నిజంగా బాధపడుతూ.

"ఎక్కాలు వచ్చు కదరా!" అన్నాను నేను.

వాడు బడిలో ఏదీ నేర్వలేదు. ఎక్కాలు మాత్రం నేను చేతిలో పుల్ల పట్టుకుని పదమూడు దాకా నూరిపోశాను. నా వైపు ఒకసారి కోపంగా చూసి, నేల చూపులు చూస్తూ మొదలుపెట్టాడు. "రెండొకట్ల రెండు. రెండు రెళ్ళ నాలుగు." వెనక ఆడవాళ్ళు కిసకిసలాడారు. అయిదో ఎక్కానికి గొంతు కాస్త తెరుచుకుంది. ఏడో ఎక్కంలో ఆడవాళ్ళు కూడా కలిశారు, ఎనిమిదిలో సోంబాయి తప్పు చెబితే నేను దిద్దాను. తొమ్మిదికి వచ్చేసరికి మా నర్సయ్య గొంతు అడవంతా మోగుతోంది. ఆ గొంతు బాపుది! వనంలో ఈ చెట్టు మీంచి ఆ చెట్టుకు కేకేసే బాపు గొంతు వీడి లోపల ఇన్నేళ్ళూ ఉందని నాకు తెలియదు.

దూరంగా ఇప్పచెట్ల అవతల నల్లటి వీపొకటి కదిలింది. తొందరేమీ పడకుండా, వెనక్కి కూడా చూడకుండా, పొదల్లోకి నడిచిపోయింది. నర్సయ్య మాత్రం పదమూడు దాకా చెప్పే ఆగాడు.

ఉగాది

ఇంటికొచ్చి చెబితే సుజాత ముందు నవ్వలేదు. "అంటె మూడేండ్ల సంది నువ్వే దాన్ని మేపుతున్నవా!" అని గంటె పట్టుకుని లేచింది. తర్వాత కూర్చుంది. దుబాయికని తీయించిన నర్సయ్య పాస్‌పోర్టు మాత్రం అల్మారాలో పైకి కనిపించేలాగే పెట్టింది. "నా చెవులతోని, నా కండ్లతోని చూసినంకనే" అంది.

నర్సయ్య ముంత పెట్టడం మానేశాడు. బాగా వెలుతురొచ్చాకే బయలుదేరుతున్నాడు. ఊరు దాటగానే రెండో ఎక్కం ఎత్తుకుంటాడు. మొదటి రెండు రోజులు రాయి దగ్గర మట్టి గోకిన ఆనవాళ్ళు కనిపించాయి. తర్వాత అవీ లేవు. మళ్ళీ రాదని నేను హామీ ఇవ్వను, గుట్ట దానిది కూడా. ఊళ్ళో పిల్లలు మా వాడి వెనకపడి ఎక్కాలు అప్పజెబుతున్నారట. హెడ్మాస్టరు సంతోషంగా ఉన్నాడు.

ఉగాదికి రెండు రోజుల ముందు ఖాదర్ సాబ్ ఫోన్ చేశాడు. "ఏం ఫైసలా చేసిండ్రు టీచరమ్మా? జంట గొట్టాలదేనా?" జరిగింది చెబితే ఆ నవ్వు ఫోన్‌లోంచి మా పక్కింటికి కూడా వినపడింది. ఒక్క బేరం పోయినా ఫికర్ లేదు, వచ్చే నెల తాటిముంజలు పంపమన్నాడు.

ఉగాది నాడు నేను ఊరికి పోయాను. పచ్చడి తిని సుజాత, నేను లోపలి గదిలో ఉన్నాం. ఆమె అల్మారా సర్దుతూ పాస్‌పోర్టు తీసి, బట్టల అడుగున పెట్టి తలుపు మూసింది. నేను చూడనట్టే ఉన్నాను.

"ఏం లేదు వదినె," అంది తనే. "ఇప్పుడు దర్వాజ కాడ కూసుంటలేను. పొయ్యి కాడికె ఇనవడుతది. పదో ఎక్కానికి వనం కాడికి పోతడు. పదమూడు మల్ల మొదలైతె దిగుతున్నడని లెక్క. అప్పుడు చాయ్ పెడుతున్న."

ఆ మధ్యాహ్నం ముగ్గురం వనానికి పోయాం. నర్సయ్య బాపు చెట్టెక్కి లొట్టి దించి, ముంతలో పోసి, కాటమయ్య రాయి పక్కన పెట్టాడు. ఎండ తెల్లగా కాస్తోంది. సోంబాయి చెప్పినట్టు చప్పుడు చేయకుండా కూర్చున్నాం. కాసేపటికి వాడు ముంత ఎత్తి, తాటాకు రేక మడిచి, అందులో పోశాడు. పోసి ఆగాడు.

"ఎవలు తాగాలె అక్కా?"

సుజాత నా వైపు చూసింది. వాడూ నా వైపే చూశాడు. రేక పట్టుకున్న ఆ చెయ్యి అచ్చం బాపు చెయ్యే, గీత కత్తి కాయలతో సహా. ఇప్పుడు నాకు పోవలసిన బడి లేదు.

రెండు చేతులా రేక పట్టుకుని తాగాను. తియ్యగా, కొంచెం పుల్లగా, చల్లగా దిగింది.

"ఇంకొంచెం పొయ్యిర," అన్నాను.